కూర్చున్నావిడ కంటి ఎత్తు

"అక్కా, విజువల్ మర్చండైజింగ్ నేర్చుకోవాలనుంది, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటారు?" అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. షాపులో సరుకు కంటికి ఆనేలా సర్దే పనికి పెట్టిన పేరది. ముందు ఏదైనా చీరల షాపులో మూడు నెలలు సేల్స్‌గర్ల్‌గా చేరమంటాను. అంతే, మళ్లీ మెసేజ్ రాదు. ఒకమ్మాయి మాత్రం ఊరుకోకుండా "ఎంబీఏ చేసి చీరలు మడతపెట్టమంటారా?" అంది. అవును, మడతపెట్టమనే అంటున్నాను. ఫోన్‌లో ఆ అమ్మాయికి సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

ముందు నా సంగతి. హైదరాబాద్‌లో ఏడాది కోర్సు చేశాను. తర్వాత ఒక పెద్ద బట్టల చెయిన్‌లో రెండేళ్లు పని. ఇప్పుడు ఆరేళ్లుగా విజయవాడలో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్లలోని చీరల షాపులకి షోకేసులు, ర్యాకులు, బొమ్మలు సర్దిపెడుతున్నాను. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే మా అమ్మ "బట్టల షాపులకి డిజైనర్" అనేది. నాన్న మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు, "బొమ్మలకి చీరలు కడుతుందండీ" అని. రెండో సంబంధం అక్కడే తప్పిపోయింది.

కోర్సులో నేర్పింది దండగ అనను. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది, చూపు ముందు ఎక్కడ ఆగుతుంది, వస్తువుల్ని గోపురంలా ఎలా పేర్చాలి, ఏ అరలో ఏది ఎన్ని ఉండాలో గీసిన ప్లానోగ్రామ్‌ని ఎలా చదవాలి, ఇవన్నీ ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను. ఇబ్బంది ఎక్కడంటే, ఆ పాఠాలన్నీ ఒకే రకం మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆ మనిషి నిలబడి ఉంటుంది. నడుస్తూ ఉంటుంది. ఎవర్నీ అడగదు. తనకి కావలసింది తన చేత్తో తనే తీసుకుంటుంది.

ఆ మనిషి దుకాణంలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ పేరుతో ఒక కిరాణా కొట్టు తెరిచాడు. అంతవరకూ అక్కడ కూడా మన శెట్టిగారి కొట్టులాగే చీటీ ఇస్తే గుమాస్తా లోపలికెళ్లి సరుకు తెచ్చేవాడు. సాండర్స్ గుమాస్తాని పక్కన పెట్టి, జనం చేతికి బుట్టలిచ్చి, మీరే తీసుకోండి అన్నాడు. అడ్డంగా నిలబడ్డ మనిషి పోయాక, సరుకు తన గురించి తనే చెప్పుకోవాల్సి వచ్చింది. అంతకు ముందే, 1909లో, లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో సెల్ఫ్రిడ్జ్ అనే వ్యాపారి తన షాపులో సరుకుని అరల్లోంచి బల్లల మీదికి తెచ్చి జనం ముట్టుకునేలా పెట్టాడు. మూసేశాక కూడా రాత్రిపూట కిటికీల్లో లైట్లు వెలిగించి ఉంచేవాడు. మా వృత్తికి మూలం ఇలాంటి చోట్లే. చెప్పే మనిషి తగ్గేకొద్దీ అలంకరణకి పని పెరిగింది.

అన్నట్టు, షోకేసు కిటికీలు ఎలా సర్దాలో చెప్పడానికే 1897లో షికాగోలో ఒక పత్రిక మొదలైంది. పెట్టినాయన ఫ్రాంక్ బామ్. తర్వాత ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’ అనే పేరున్న పిల్లల కథ రాసింది ఆయనే. దానికి ముందు అమెరికాలోనే డకోటా ప్రాంతంలో సొంతంగా బజారు పెట్టి, రెండేళ్లు తిరక్కుండానే మూసేశాడు. తన కొట్టు నడపలేకపోయిన మనిషి ఊళ్లో కొట్లన్నిటికీ సర్దడం నేర్పాడని కోర్సులో ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే మా మేడమ్‌ని కాస్త తక్కువ నమ్మేదాన్ని.

ఇప్పుడు మన చీరల షాపుకి రండి. గుమాస్తా ఎక్కడికీ పోలేదు. తెల్ల పరుపు మీద మోకాళ్లు మడిచి కూర్చుని "రండమ్మా, పట్టా, ఫ్యాన్సీయా?" అంటూనే ఉన్నాడు. వచ్చినావిడ నడవదు, కూర్చుంటుంది. పక్కన వాళ్ల అత్తగారు, ఆడపడుచు, ఫోన్ చూసుకుంటూ ఒక మొగుడు. మంచినీళ్లొస్తాయి, కాఫీ వస్తుంది, పెళ్లి బట్టలైతే కూల్‌డ్రింకులు కూడా. గంటన్నర దాకా ఎవరూ లేవరు. ఇలాంటి చోట "కస్టమర్ కంటి ఎత్తు ఐదడుగులు" అని రాసి ఉన్న నోట్సు పట్టుకుని నేను దిగాను.

అది నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఎదురు గోడంతా ర్యాకులు. నోట్సు ప్రకారం సరిగ్గా ఐదడుగుల ఎత్తులో ఉన్న అరల్లో కంచి, ధర్మవరం పట్టు చీరలు పేర్చాను. కింద అరల్లో డైలీవేర్ కాటన్లు, సింథటిక్స్. ఫొటో తీస్తే ఎంత బాగుందో! పది రోజులకి ఓనర్ పిలిచి, "అమ్మా, పట్టు కదలట్లేదు. పెళ్లి షాపింగ్‌కి వచ్చినవాళ్లు కూడా ముందు కాటన్లే తీయమంటున్నారు" అన్నాడు. నాకేం అర్థం కాలేదు.

ఆ షాపులో ముప్ఫై ఏళ్లుగా ఉన్న సేల్స్‌మన్ ఒకాయనున్నాడు. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన పరుపు మీదనుంచి లేవకుండానే పిలిచాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి ఆ కుర్చీలో కూర్చో."

కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు, ఏం కనపడుతోంది?"

"మీరు, బాబాయ్. మీ భుజాల వెనక కాటన్ చీరలు."

"మరి పట్టు?"

తలెత్తి చూడాల్సి వచ్చింది. తలెత్తితే ట్యూబ్‌లైటు కళ్లలో పడింది.

ఆ సాయంత్రం టేపు పట్టుకుని కొలిచాను. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు ఐదడుగుల దగ్గరే. అంటే నిలబడ్డప్పుడే కన్ను నాలుగడుగుల ఎనిమిదంగుళాల దగ్గరుంటుంది. కుర్చీలో కూర్చుంటే మూడున్నర అడుగులకి దిగుతుంది. పరుపు మీద చతికిలబడితే ఇంకో అడుగు కిందికి. నేను పట్టు పెట్టిన అర అలమరాలు తుడిచే కుర్రాడికి తప్ప ఎవరికీ సరిగ్గా కనపడదు. మర్నాడు గోడంతా తిరగేశాం. పట్టు చీరల దొంతరలు బాబాయ్ భుజాలకి అటూ ఇటూ వచ్చాయి. నడిమధ్యలో ఆయన అడ్డం కాబట్టి అక్కడ బ్లౌజు పీసులు, ఫాల్స్, లైనింగులు, అడిగితే తప్ప చూపించక్కర్లేనివి. "అదిగో, ఆ చిలకపచ్చది, పైనుంచి మూడోది" అని వేలు పెట్టి చూపించడం ఆ వారంలోనే మొదలైంది. ఏ షాపుకి వెళ్లినా ఇప్పుడు నేను చేసే మొదటి పని ప్రతి కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోవడం. బ్యాగులో టేపు ఎప్పుడూ ఉంటుంది.

మూడోది తీయమన్నప్పుడు పై రెండూ జారకుండా ఉండాలి కదా. అందుకే దొంతరకి ఎనిమిది చీరలకి మించి పెట్టనివ్వను. ఓనర్లకి ఇది నచ్చదు. "స్టాకు నిండుగా కనపడాలమ్మా" అంటారు. వాళ్లదీ తప్పు కాదు. "తక్కువే అందం" అని కోర్సులో బల్లగుద్ది చెప్పారు గానీ, విశాలమైన గదిలో నాలుగంటే నాలుగు చీరలు వేలాడదీస్తే మన ఊళ్లో ఆడవాళ్లు గుమ్మం దగ్గరే "ఇక్కడ వెరైటీ లేదే" అని వెనక్కి తిరుగుతారు. నాలుగు కొట్లు తిరిగి, నలభై చీరలు చూసి, మొదట చూసిందే తీసుకోవడం మనకి అలవాటు. నిండుగా ఉండాలి, నిండులో వెతుక్కునే దారి ఉండాలి. రంగుల వరసా, ధరల వరసా, రెండింట్లో ఏది ముందు అని ఓనర్లతో నేను చేసిన గొడవలు ఇంకో వ్యాసానికి సరిపోతాయి. (నా ఓటు ధరకే. మనసులో బడ్జెట్ అనుకుని వచ్చినావిడకి రంగు నచ్చాక రేటు చెప్పడం పాపం.)

ఇక మడత. చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజు పీసుతో కలిపి ఆరు దాటుతుంది. అరలో ఉన్నప్పుడు అందులో బయటికి కనిపించేది జానెడు. ఏ జానెడు కనిపించాలో తేల్చడమే సగం పని. ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, ఎందుకంటే క్లాసులో అన్నీ హ్యాంగర్లకి వేలాడేవే. చీర హ్యాంగర్‌కి వేలాడితే ఉతికి ఆరేసినట్టుంటుంది.

బాబాయ్ దగ్గర నేర్చుకున్నది చెబుతాను. మంగళగిరి చీరకి ఒళ్లంతా సాదా, ప్రాణమంతా అంచులో ఉంటుంది. కాబట్టి అంచు బయటికి రావాలి, అదీ తిన్నగా, గీత గీసినట్టు. గద్వాల్‌కి ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే అతుకు దగ్గరే దాని గొప్పతనం. ఆ అతుకు మీద బొటనవేలు పెట్టి చూపించాలి, మడత కూడా అక్కడే ఆగాలి. పోచంపల్లి ఇక్కత్‌ని డిజైన్ మధ్యలోంచి మడిస్తే బొమ్మ సగానికి తెగి, గజిబిజిగా కనిపిస్తుంది. పూర్తి బొమ్మ ఒక్కటైనా పైకి వచ్చేలా మడత మార్చుకోవాలి, దానికి ఒక్కో చీరకీ విడిగా బుర్ర పెట్టాలి. వెంకటగిరి పలచన. దాని కింద అరచెయ్యి పెట్టి, వేళ్లు లీలగా కనిపిస్తుండగా అందిస్తాడు బాబాయ్. ఉప్పాడ జాందానీ అయితే అడక్కముందే వెనక్కి తిప్పుతాడు. వెనకవైపు పోగులు వేలాడకపోవడమే దాని అసలు సంగతి. ధర్మవరం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, దాని కొంగే అరుస్తుంది.

ఆ తర్వాత విసరడం. ఇది చూస్తే తప్ప అర్థం కాదు. చీర మడతని ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఒక్క విసురు విసిరితే మడతలన్నీ గాల్లోనే విడిపోయి, కొంగు వెళ్లి సరిగ్గా ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్లో పడాలి. బల్ల మీద పడకూడదు, ఒళ్లోనే పడాలి. ఒళ్లో పడ్డ కొంగుని ఎవరూ తోసెయ్యరు, చెయ్యి దానంతటదే వెళ్లి నిమురుతుంది. నిమిరాక తిప్పి వెనక చూస్తుంది. ఆ తర్వాత భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. ఇన్ని పనులు చేయించే విసురుకి మా కోర్సులో పేరే లేదు. బాబాయ్‌కీ దాని పేరు తెలీదు. "విసరడమే" అంటాడు.

బొమ్మల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందరూ అడిగేది వాటి గురించే గానీ అందులో ఉన్నది తక్కువ. ఫైబర్ బొమ్మలు ఎవరికీ లేనంత ఎత్తుగా, ఎవరికీ లేనంత సన్నగా, గోడ సున్నమంత తెల్లగా వస్తాయి. మన అమ్మాయిల రంగులో బొమ్మ కావాలని అడిగితే సప్లయర్ నన్ను వింతగా చూశాడు. దొరికింది చివరికి. పట్టు చీరకి పిన్నులు గుచ్చకండి, రంధ్రాలు పడితే పూడవు. తప్పదంటే లోపలి మడతకి, మధ్యలో టిష్యూ పేపర్ పెట్టి. అన్నిటికన్నా ముఖ్యం, ఖరీదైన చీర కట్టిన బొమ్మని అద్దాల వెనక బంధించకండి. కొంగు తిప్పి వెనక నేత చూడని తెలుగావిడని నేనింకా చూడలేదు. చెయ్యందేలా, లోపలికి వచ్చే దారిలోనే పెట్టండి. మాసిపోతుందంటారా, నిజమే. నాలుగు రోజులకోసారి చీర మార్చండి.

ఆ నాలుగు రోజుల లెక్క నాకు ఊరికే రాలేదు.

పడమటి ముఖం ఉన్న ఒక షాపు. నడివేసవి, పెళ్లిళ్ల సీజన్. షోకేసులో బొమ్మకి రాణీ రంగు ధర్మవరం కట్టాను, ధర పదహారు వేల ఎనిమిది వందలు. ఎంత కుదిరిందంటే, రోడ్డు మీద స్కూటీలు ఆగేవి. ఆ మురిపెంలో మూడు వారాలు మార్చకుండా ఉంచేశాను. రోజూ మూడింటి నుంచి ఆరింటి దాకా ఎండ సూటిగా అద్దంలోకి పడేది. పైన రేకుల పంచ ఉండడంతో కొంగు బతికిపోయింది. నడుము కిందిభాగం దొరికిపోయింది. విప్పి చూస్తే కుచ్చిళ్ల బయటి అంచులు వెలిసిపోయి, లోపలి మడతలు మాత్రం రాణీ రంగులోనే ఉండి, మీటరున్నర మేర చారల చీరలా తయారైంది. పట్టు మీద రంగు ఎండకి అంత త్వరగా లొంగిపోతుందని నాకు నిజంగా తెలీదు. కోర్సులో కిటికీ ఎలా అలంకరించాలో ఒక పూర్తి సెమిస్టర్ ఉంది, ఎండ ఏ వైపునుంచి వస్తుందో చూసుకోమని ఒక్క వాక్యం లేదు.

ఓనర్ అరవలేదు. నాకివ్వాల్సిన డబ్బుల్లో కోస్తానని కూడా అనలేదు. "ఈ చీర నువ్వే అమ్మిపెట్టమ్మా" అన్నాడు. అంతకన్నా డబ్బులు కోసుకుంటేనే నయమనిపించింది. రెండు వారాలు ఆ చీర ముందు పెట్టుకుని పరుపు మీద కూర్చున్నాను. మొదట చారలు కనపడకుండా మడతపెట్టి, నిండుగా ఉన్న కొంగు బయటికి పెట్టాను. ఒకావిడ ఇష్టపడి, విప్పమని, చారలు చూసి, నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ మాట ఆవిడ నోటితో అనలేదంతే. మూడో రోజు నుంచి మడత తిప్పేశాను. చారలే పైకి పెట్టి, "ఎండకి పోయిందండీ, తప్పు నాదే, మీటరున్నర పోగా మిగతాదంతా బాగుంది, సగం ధరకి ఇస్తున్నాం" అని ముందే చెప్పడం మొదలుపెట్టాను. గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూతురి లంగా ఓణీకి తీసుకుంది. చారలున్న ముక్క ఎలాగూ కత్తిరింపులో పోతుంది. ఆవిడకి అసలు ధర్మవరం సగానికి దొరికింది, నాకు ఊపిరి దొరికింది.

వెలుతురు గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి, నాకూ ఓనర్లకీ చెడేది ఎక్కువగా దీని దగ్గరే. పసుపు లైటు కింద జరీ ధగధగలాడుతుంది. లాడ్ బజార్‌లో గాజుల కొట్లు రాత్రిపూట ఎందుకలా మెరుస్తాయో చూసినవాళ్లకి తెలుసు. రాళ్లు పొదిగిన గాజుకి అది బాగానే ఉంటుంది. చీరకి వచ్చేసరికి అదే లైటు కింద నేవీ బ్లూకీ నలుపుకీ తేడా తెలీదు, లేత నీలం కాస్తా బూడిద రంగవుతుంది. లైటు ఎంత పసుపుగా, ఎంత తెల్లగా ఉంటుందో కెల్విన్లలో చెబుతారు. 3000 అంటే దీపం వెలుగు, 6500 అంటే మబ్బు పట్టిన పగలు. అది కాకుండా సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో దాని లెక్క. వందకి వంద అంటే నిజం పూర్తిగా చెప్పినట్టు. చవక ఎల్ఈడీలు ఎనభై దగ్గర ఆగిపోతాయి, ముందు దెబ్బ తినేది ఎరుపు. మన పెళ్లి చీరల్లో ఎరుపు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. తొంభై పైన ఉన్న లైట్లే కొనమంటాను. ఓనర్లు డబ్బులు చూసుకుని, గుమ్మానికి ఎదురుగా నాలుగు పెట్టి, లోపలంతా చవకవి బిగిస్తారు.

వెలుతురు విషయంలో నాకు తెలిసిన గొప్ప గురువులు మ్యాచింగ్ సెంటర్ల వాళ్లు. పదడుగుల కొట్టు, గోడల నిండా రంగుల తానులు, ఒక ట్యూబ్‌లైటు. మీరు చీర ఇవ్వగానే చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి మూడు గుడ్డలు లాగుతాడు. మీకు లోపల ఒకటి సరిపోయినట్టే ఉంటుంది. అప్పుడంటాడు, "బయటికి తీసుకెళ్లి చూసుకోండమ్మా". మీరు రోడ్డు మీదికొచ్చి ఎండలో పెట్టి చూస్తే అది తేలిపోతుంది, వద్దనుకున్న రెండోది అతుక్కుపోతుంది. వేర్వేరు రంగు మందులతో అద్దిన రెండు గుడ్డలు ఒక వెలుతురులో ఒకేలా కనిపించి, ఇంకో వెలుతురులో విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారని నేను ఫీజు కట్టి తెలుసుకున్నాను. ఆయనకి ఆ పేరు అక్కర్లేదు, మర్నాడు గుడ్డ వెనక్కి రాకపోతే చాలు. అందుకే నేను సర్దే ప్రతి షాపులో గుమ్మం పక్కన, పగటి వెలుతురు పడే చోట ఒక నిలువుటద్దం పెట్టిస్తాను. "అక్కడ చూస్తే మెరుపు తగ్గుతుంది కదమ్మా" అని ఒక ఓనర్ అడిగాడు. తగ్గుతుంది. ఆవిడ దాన్ని కట్టుకునేది మీ లైట్ల కింద కాదు కదండీ అన్నాను. అద్దం పెట్టారు గానీ, ఈమధ్య వెళ్లినప్పుడు చూస్తే దాని ముందు డిస్కౌంట్ స్టాండు నిలబెట్టి ఉంది.

చెయిన్‌లో పనిచేసిన రెండేళ్ల గురించి ఒక్కటే చెబుతాను. ఏ వారం ఏ బొమ్మకి ఏం వేయాలో వేరే రాష్ట్రంలోని హెడ్డాఫీసు నుంచి పీడీఎఫ్ వచ్చేది. అలాగే వేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఒక శ్రావణమాసం, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం వారం, నల్లచీరల థీమ్ వచ్చింది. వెండి జరీ, నల్ల పట్టు, చూడ్డానికి నిజంగా అద్భుతం. మార్చమని మెయిల్ పెడితే "థీమ్ దేశమంతా ఒకటే" అని జవాబు. ఒక పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి, "శుక్రవారం పూట ఎదురుగా ఈ నలుపేంటమ్మా" అని నన్నే అడిగి వెళ్లిపోయింది. ఆవిడ వెనక నలుగురు ఆడవాళ్లు, వాళ్లూ వెళ్లిపోయారు. మన షాపుకి క్యాలెండర్ వేరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి పాత స్టాకు ముందుకొచ్చి తగ్గింపు బోర్డులు లేస్తాయి, శ్రావణం రాగానే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. డిసెంబర్ వచ్చిందంటే గుంటూరు, కృష్ణా జిల్లాల్లో క్రిస్మస్‌కి తెల్లచీరలు, లేత రంగులు ముందు వరసలో ఉండాల్సిందే. తెలంగాణలో బతుకమ్మకి లెక్క వేరు. ఇది పీడీఎఫ్‌లో రాదు.

డిస్‌ప్లే గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ ఎత్తని సంగతి ఇంకోటుంది. చూసేవాళ్లు కూర్చుంటారు సరే, చూపించేవాళ్లు? పెద్ద షోరూముల్లో అమ్మాయిలు పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కౌంటర్ వెనక నిలబడే ఉంటారు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడ చట్టం మార్చారు. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. దీన్ని కార్మికుల సమస్యగా చూడడం న్యాయమే. నాకు మాత్రం ఇది డిస్‌ప్లే సమస్య కూడా. కాళ్లు పీక్కుపోతున్న అమ్మాయి ఇరవయ్యో చీర విప్పదు. "అదీ ఇలాగే ఉంటుంది మేడమ్" అంటుంది. మనం ఎన్ని లక్షలు పోసి ర్యాకులు బిగించినా ఆ ఇరవయ్యో చీర ఆ రోజుకి లేనట్టే. కౌంటర్ వెనక స్టూలు వేయమని నేను కొటేషన్‌లోనే రాస్తాను. దాన్నే ముందు కొట్టేస్తారు.

ఇంతా చెప్పాక, ఇదంతా పాతకాలం గోల, ఇప్పుడంతా సెల్ఫ్ సర్వీస్ కదా అని మీరనొచ్చు. కుర్తీలు, పిల్లల బట్టలు, సూపర్ మార్కెట్ అయితే ఒప్పుకుంటాను. అక్కడ కోర్సు పాఠం అక్షరాలా పనికొస్తుంది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో మన దేశంలోనే మొదటి ఐకియా ఫర్నిచర్ షాపు తెరిచినప్పుడు నేనూ వెళ్లాను. మంచం అమ్మడానికి మంచం పెట్టలేదు, పడగ్గది కట్టి పెట్టారు. దుప్పటీ, దీపం, పక్కన సగం చదివి బోర్లించినట్టు ఒక పుస్తకం. నోరు మాట్లాడే పనంతా గది చేసేసింది. ఇంకోపక్క డీమార్ట్‌లో అలంకరణ మచ్చుకైనా ఉండదు. అట్టపెట్టెలు కోసి అలాగే పేరుస్తారు, జనం తోసుకుంటూ కొంటారు. ఆ పెట్టెలే "ఇక్కడ చవక" అని చెప్పేస్తాయి.

చీర మాత్రం వింత దారి పట్టింది. ఈమధ్య రాత్రి తొమ్మిదింటికి ఫోన్ తెరిస్తే చాలు, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో లైవ్‌లు. మంగళగిరిలోనో ఉప్పాడలోనో ఇంట్లో ఒకావిడ, ముందు రింగ్ లైటు, పక్కన చీరల దొంతర. ఒక్కోటీ తీసి విప్పుతుంది. "పల్లు చూపించండి", "వెనకవైపు తిప్పండి", "బ్లౌజు ఎలా ఉంటుంది" అని కింద కామెంట్లు. చివర్లో "లైటింగ్ వల్ల రంగు కొంచెం తేడా ఉండొచ్చు అండీ" అని ఒక మాట. షోకేసు లేదు, బొమ్మ లేదు, ప్లానోగ్రామ్ లేదు. మిగిలింది బాబాయ్ పనే. అది కూడా కొంగు ఎవరి ఒళ్లోనూ పడే వీలు లేకుండా చెయ్యాలి, అందుకని ఆవిడ కెమెరాకి అంగుళం దూరం దాకా అంచు తెస్తుంది. ఎవరు నేర్పారో తెలీదు. అంత దగ్గరగా తెచ్చి, రెండు క్షణాలు కదలకుండా పట్టుకుని, అప్పుడు వెనక్కి తిప్పడం చూస్తే, ఎప్పుడో ఎక్కడో పరుపు మీద కూర్చున్న చెయ్యే అనిపిస్తుంది.

అందుకే ఆ ఎంబీఏ అమ్మాయికి నా జవాబు మారలేదు. కోర్సు చెయ్యమ్మా, ఆ మాటలన్నీ నేర్చుకో, ఉద్యోగానికి అవే కావాలి. కానీ దానికి ముందు మూడు నెలలు పరుపు మీద కూర్చో. ఎవరు ఏది వద్దన్నారో రోజూ రాసుకో, కొన్నదానికన్నా వద్దన్నది చూస్తేనే ఎక్కువ తెలుస్తుంది. నేను ఈ పని తిరగేసి చేశాను, దానికి పదహారు వేల ఎనిమిది వందల చీర ఖర్చయింది.

బాబాయ్‌కి ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, పరుపు మీదనుంచి లేచేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. ఆ షాపుకి వెళ్లినప్పుడల్లా ఖాళీ టైములో నాచేత విసిరిస్తాడు. "మణికట్టు తిప్పు అమ్మాయ్, భుజం కాదు" అంటాడు ప్రతిసారీ. మొన్న మంగళవారం రద్దీ లేని వేళ నిజం కస్టమర్ ముందే విసరమన్నాడు. విసిరాను. మడతలు బాగానే విడిపోయాయి గానీ కొంగు ఆవిడ ఒడి దాకా పోలేదు, మధ్యలో కాఫీ గ్లాసు దగ్గర ఆగింది. ఆవిడ ముందు గ్లాసు పక్కకి జరిపి, తర్వాత వంగి కొంగు తనే అందుకుని, వెనక్కి తిప్పి చూసింది.

"ఇందులో వంగపండు రంగుందా?" అంది.

బాబాయ్ అప్పటికే వెనక్కి చెయ్యి పెట్టాడు.